సంతకం మాత్రమే ఆమెది

తెనాలికి చెందిన ఒక రిటైర్డ్ సోషల్ టీచరు, ఏ టూరు బృందంలోనూ చేరకుండా ఒంటరిగా ఫ్రాన్స్, ఇటలీ చూసి రావాలనుకుంది. మొదటిసారి వీసా రాలేదు. రెండోసారి వచ్చింది. ఆ రెండింటి మధ్య ఏం జరిగిందన్నదే ఈ యథార్థ గాథ. వ్యక్తుల పేర్లు, సంస్థల పేర్లు ఇవ్వడం లేదు. సంభాషణలు కథనం కోసం తిరిగి కూర్చినవి.

కొరియర్ కుర్రాడు సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. టీచరమ్మ స్టవ్ కట్టేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, వరండాలో కూర్చుని కవరు చించింది. లోపల పాస్‌పోర్టు. మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పింది. స్టిక్కరు లేదు. పేజీలు అంటుకున్నాయేమోనని వేలు తడి చేసుకుని మళ్లీ ఒక్కొక్కటే తిప్పింది. లేదు.

కవర్లో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. అచ్చువేసిన ఫారం. వరుసగా కారణాలు, ఒక్కో కారణం ముందు ఒక్కో గడి. రెండు గడుల్లో టిక్కులు పడ్డాయి. ప్రయాణం ఎందుకు, బస ఎక్కడ అన్న విషయాల్లో మీరిచ్చిన సమాచారం నమ్మదగినదిగా లేదన్నది ఒకటి. వీసా గడువు ముగిసేలోగా మీరు తిరిగి వెళ్తారన్నదాని మీద సహేతుకమైన సందేహాలున్నాయన్నది రెండోది.

ఆమె మొదటిదాని దగ్గరే ఆగిపోయింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక్క దొంగ మెడికల్ సర్టిఫికెట్ పెట్టి ఎరగని మనిషి. ఆమె మాట నమ్మదగినది కాదని, ఆమెను ఏనాడూ చూడని ఒక ఆఫీసరు టిక్కు పెట్టాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకు ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

రాత్రి హైదరాబాద్ నుంచి కొడుకు ఫోన్ చేశాడు.

"వచ్చిందా అమ్మా?"

"రాలేదురా."

"పోనీలే అమ్మా. టూరు వాళ్లతో వెళ్లు. అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఈ వయసులో ఒక్కదానివీ నీకెందుకీ అవస్థ?"

"టూరు వాళ్లు ఈఫిల్ టవర్ కింద గంట నిలబెడతారు, పడవలో గంట తిప్పుతారు, షాపుల దగ్గర రెండు గంటలు వదిలేస్తారు. నేను చూడాలనుకున్నది వాళ్ల లిస్టులో లేదురా."

తాళం వేసిన తలుపు

ఆమె చూడాలనుకున్నది వర్సాయ్ పట్టణంలో ఒక బంతాట హాలు.

తొమ్మిదో తరగతికి ఫ్రెంచి విప్లవం చెప్పేటప్పుడు ఆమె బాస్టిల్ కోట ముట్టడితో మొదలుపెట్టేది కాదు. అంతకు మూడు వారాల ముందు, 1789 జూన్ 20 ఉదయంతో మొదలుపెట్టేది. మూడో వర్గం, అంటే సామాన్య ప్రజల ప్రతినిధులు సభకు వచ్చేసరికి మందిరం తలుపులకు తాళాలు, ముందు సిపాయిలు. వాళ్లు దగ్గర్లో ఉన్న బంతాట హాల్లోకి వెళ్లి, రాజ్యాంగం రాసేదాకా విడిపోమని నిలబడి ప్రమాణం చేశారు. 577 మందిలో 576 మంది ఒప్పుకుని సంతకం పెట్టారు. మార్టిన్ డోష్ అనే ప్రతినిధి ఒక్కడే ఒప్పుకోలేదు.

"తలుపు మూస్తే వాళ్లు ఇళ్లకు పోలేదర్రా. పక్క హాలు చూసుకున్నారు" అని బల్ల మీద చరిచి చెప్పేది. ఆ మాట అలా ఎన్ని బ్యాచ్‌లకు చెప్పిందో. ఆ హాలు ఇప్పటికీ ఉంది. సందర్శకులు లోపలికెళ్లి చూడొచ్చు. రిటైరయ్యాక, గ్రాట్యుటీ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్లో పడ్డాక, ఒక జూన్ 20న అక్కడ నిలబడాలన్నది ఆమె కోరిక. అక్కణ్నుంచి రోమ్. రెండు దేశాలు, పదమూడు రోజులు, ఒక్కతే.

పెన్సిల్‌తో ఇంటూ మార్కులు

ఆ మొదటి అర్జీ కోసం కొడుకు స్నేహితుడు ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గరికి పంపాడు. ఏజెంటు చాలా మర్యాదగా మాట్లాడాడు.

"ఫ్రాన్స్‌కి ఇప్పుడు స్లాట్లు దొరకడం లేదు మేడం గారూ. వేరే దేశానికి వచ్చే వారమే ఉంది. షెంజెన్ వీసా ఎవరిచ్చినా ఒకటే. అక్కడ దిగి ఫ్రాన్స్ వెళ్లిపోదురు గాని."

అతను చెప్పినదాంట్లో సగం నిజం. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంజెన్ అనే చిన్న ఊరి దగ్గర, మోజెల్ నది మీద లంగరు వేసిన పడవలో ఐదు దేశాలు తమ మధ్య సరిహద్దు తనిఖీలను క్రమంగా ఎత్తేసే ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఈ రోజు 29 దేశాలు అందులో ఉన్నాయి. ఒక్క వీసాతో అన్నీ తిరగొచ్చు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు, అంతే.

అతను చెప్పని సగం ఇంకోటి ఉంది. వీసా ఏ దేశాన్ని అడగాలన్నది స్లాటును బట్టి తేలేది కాదు. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటామో ఆ దేశాన్నే అడగాలి. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశాన్ని అడగాలి. ఈ నిబంధన దాటడానికి ఏజెంటు ఆమె ప్రయాణాన్నే మార్చేశాడు. ఆమె కలలో కూడా అనుకోని నగరంలో ఏడు రాత్రులు, ఫ్రాన్స్‌కు రెండంటే రెండు.

"పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టిన చోటల్లా సంతకం చేయండి మేడం గారూ" అన్నాడు. చేసింది.

హైదరాబాద్‌లో అర్జీలు తీసుకునే కేంద్రానికి కూడా అతని మనిషే వెంట వచ్చాడు. వేలిముద్రల దగ్గర మాత్రం ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచారు. గాజుపలక మీద కుడిచేతి నాలుగు వేళ్లు ఆనించింది. ఎర్ర లైటు వెలిగింది. మళ్లీ ఆనించింది. మళ్లీ ఎరుపే.

కౌంటర్లో అమ్మాయి తడి టిష్యూ అందించింది. "వేళ్లు గట్టిగా తుడుచుకోండమ్మా. ఏం పని చేసేవారు?"

"టీచర్నమ్మా."

"సుద్దముక్కలు పట్టుకుని పట్టుకుని గీతలు అరిగిపోయాయేమో." ఆ అమ్మాయి లేచి వచ్చి, తన చేత్తో ఆమె వేళ్లను పలక మీద మెల్లగా అదిమి పట్టుకుంది. ఈసారి పచ్చ లైటు వెలిగింది. బొటనవేలి చుట్టూ గోరు పక్కన చర్మం ఎండి తెల్లగా లేచి ఉంది. రిటైరైనా ఆ వేళ్లు ఇంకా బడి వేళ్లే.

ఆ రోజు మొత్తం మీద ఆమె గురించి ఆమెనే అడిగిన ప్రశ్న 'ఏం పని చేసేవారు?' అన్నదొక్కటే.

తన ఫైలు తాను చదివిన రాత్రి

వీసా రాలేదన్న కబురు తెలిసిన మర్నాడు ఆమె ఏజెంటు ఆఫీసుకు వెళ్లి జిరాక్స్ సెట్టు అడిగి తెచ్చుకుంది. రాత్రి భోజనం అయ్యాక, జవాబు పత్రాలు దిద్దే ఎర్ర పెన్ను తీసుకుని మొదటి పేజీ నుంచి చదివింది.

కవరింగ్ లెటర్‌లో మూడో పేరా: నేను లేని రోజుల్లో నా వ్యాపారాన్ని నా భాగస్వామి చూసుకుంటారు. ఆమెకు వ్యాపారం లేదు. ఎవరికో రాసిన ఉత్తరంలో పేరు మార్చి పెట్టారు.

హోటల్ బుకింగులు: ఆ హోటళ్లకు కొడుకు చేత మెయిల్ పెట్టించింది. అర్జీ ఇచ్చిన మర్నాడే రద్దయ్యాయని జవాబొచ్చింది.

బ్యాంకు స్టేట్‌మెంట్: నెలనెలా పెన్షన్, కరెంటు బిల్లు, మందుల షాపు, గ్యాసు. ఉన్నట్టుండి అర్జీకి పన్నెండు రోజుల ముందు నాలుగు లక్షలు జమ. ఖాతా నిండుగా కనిపిస్తుందని కొడుకు వేసిన డబ్బు. అది ఎవరిదో, ఎందుకు వచ్చిందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

పెన్షన్ కాగితాలు అసలు పెట్టనే లేదు. ఇంటి గురించి, పొలం గురించి ఒక్క ముక్క లేదు.

అర్ధరాత్రి కొడుక్కి ఫోన్ చేసింది. "ఒరే, ఆ సీట్లో నేనున్నా ఈ ఫైలుకి వీసా ఇవ్వనురా."

ఈ కథలో అసలు మలుపు ఇక్కడుంది. అవమానం పక్కన పెట్టి, ఎదుటి కుర్చీలో కూర్చుని తన కాగితాలను తాను చూడగలిగింది. బృందంతో వెళ్లేవాళ్లకు టూరు సంస్థ పూచీగా నిలబడుతుంది. బస, బస్సు, తిరుగు టికెట్టు అంతా ఒకే కట్టగా కనబడుతుంది. ఒంటరిగా వెళ్లే మనిషికి ఆ పూచీ లేదు. ఆఫీసరు ఎదుట ఉండేది కాగితమే. ఆ కాగితం అబద్ధమాడితే మనిషి ఎంత నిజాయతీపరురాలైనా లాభం లేదు. ఏజెంట్లందరూ ఇలాంటివాళ్లు కారు. కానీ మన జీవితం గురించి ఏం రాసి ఇస్తున్నారో చదవకుండా సంతకం పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ అలవాటుకు మన పెద్దవాళ్లు ఎంత మూల్యం చెల్లిస్తున్నారో చూస్తే మనసు కలుక్కుమంటుంది.

అప్పీలా, కొత్త అర్జీయా?

రెండు దారులున్నాయి. తిరస్కరించిన దేశపు చట్టం ప్రకారం అప్పీలు చేసుకోవచ్చు. ఆ హక్కు ఉందని తిరస్కరణ ఫారంలోనే రాస్తారు. లేదా కొత్తగా అర్జీ పెట్టుకోవచ్చు.

"అప్పీలు చేద్దామమ్మా, లాయర్ని చూస్తాను" అన్నాడు కొడుకు.

"అప్పీలంటే ఆ కాగితాలు నిజమని వాదించాలిరా. నేను వాదించను."

ఒకసారి తిరస్కరిస్తే ఇక ఆ గుమ్మం తొక్కనివ్వరన్న భయం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. 2009 నాటి యూరప్ వీసా నియమావళిలోనే స్పష్టంగా ఉంది: మునుపటి తిరస్కరణ కారణంగా కొత్త అర్జీని దానంతట అదే తిరస్కరించకూడదు. కొత్త అర్జీని కొత్తగానే చూడాలి. అయితే పాత తిరస్కరణ వివరాలు షెంజెన్ దేశాల ఉమ్మడి కంప్యూటర్ వ్యవస్థలో ఐదేళ్లు ఉంటాయి. దాచి లాభం లేదు.

ఈసారి ఆమె కోడలు వీడియో కాల్లో కూర్చుంది. "నేను టైప్ చేసేస్తాను అత్తయ్యా, మీరు చెప్పండి."

"వద్దమ్మా. నేనే కొడతాను. తప్పయితే చెప్పు."

ఒక్కో వేలితో కొట్టుకుంటూ ఫ్రాన్స్ వీసా ఫారం ఆమే నింపింది. పారిస్‌లో ఆరు రాత్రులు, వర్సాయ్‌లో రెండు, రోమ్‌లో నాలుగు. ఎక్కువ రోజులు ఫ్రాన్స్‌లోనే కాబట్టి అడగాల్సింది ఫ్రాన్స్‌నే. స్లాటు కోసం రోజూ పొద్దున్నే లేచి చూసుకుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అర్జీ పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల ముందు దాకా గడువుంది కాబట్టి కంగారు పడలేదు. హోటళ్లు ముందస్తు డబ్బు లేకుండా, వీసా రాకపోతే రద్దు చేసుకునేలా తన పేరుతోనే తీసుకుంది. వీసా వచ్చేదాకా వాటి జోలికి వెళ్లలేదు. విమానం టికెట్టుకు రిజర్వేషన్ చాలు, ముందే కొనాల్సిన పని లేదు. కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చు భరించే ప్రయాణ బీమా తీసుకుంది.

నాలుగు లక్షలు కొడుక్కి వెనక్కి పంపేసింది.

"ఉంటే బలంగా ఉంటుంది కదమ్మా!"

"బలం కాదురా, అనుమానం. నా డబ్బు నాకు చాలు."

నిజంగానే చాలింది. హోటల్ బుకింగ్ చూపించే పర్యాటకులకు ఫ్రాన్స్ అడిగే కనీస మొత్తం రోజుకు 65 యూరోలు. బుకింగ్ లేకపోతే 120. ఆమె ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు, ఆదాయపు పన్ను రిటర్నులు, ఆరు నెలల స్టేట్‌మెంటు కలిపితే అంతకు చాలా ఎక్కువే తేలింది.

తిరిగి వస్తుందా లేదా అన్న సందేహానికి జవాబు ఆమె బీరువాలోనే దొరికింది. పెన్షన్ పేమెంట్ ఆర్డరు, ఇంటి పన్ను రసీదు, ఎకరంన్నర పొలం పట్టాదారు పాసుపుస్తకం, దానికి ఇంగ్లీషు అనువాదం. వీటన్నిటికీ ప్రాణం పోసింది ఆమె రాసిన ఉత్తరం. ముందు తెలుగులో రాసుకుని, తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకుంది. ఒకటిన్నర పేజీ. అందులో సారాంశం ఇది:

"నేను సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. జూన్ 20న వర్సాయ్‌లో బంతాట హాలు చూడాలని నా కోరిక. అందుకే ఈ తేదీలు. నా పెన్షన్ ఆగకుండా రావాలంటే ఏటా నేను బతికి ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. నా ఇల్లు, పొలం తెనాలిలో ఉన్నాయి. ఇంతకుముందు నేను మరో దేశానికి పెట్టిన అర్జీ తిరస్కరణకు గురైంది. ఆ కాగితాలు నా ప్రయాణాన్ని సరిగా చెప్పలేదు. ఇవి చెబుతాయి."

చివరి మాటలు చూసి కొడుకు గాభరా పడ్డాడు. "మనంతట మనం ఎందుకమ్మా చెప్పుకోవడం?"

"వాళ్లకు తెలిసిందే. నేను దాచలేదని కూడా తెలియాలి."

కౌంటర్ ముందు

నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కి తెల్లవారేసరికి హైదరాబాద్ చేరింది. ఈసారి వెంట ఎవరూ రాలేదు. కౌంటర్లో కాగితాలు వరుసగా సర్దుతున్న కుర్రాడు పాసుపుస్తకం అనువాదం దగ్గర ఆగాడు.

"ఇది చెక్‌లిస్టులో లేదు మేడం."

"ఉండనివ్వు నాయనా. అడిగేవాళ్లుంటే జవాబుండాలి కదా."

అతను నవ్వి కట్టలో కలిపాడు. ఈ కేంద్రాల పని కాగితాలు, వేలిముద్రలు తీసుకోవడం వరకే. నిర్ణయం కాన్సులేట్‌దే. వేలిముద్రలు ఒకసారి ఇస్తే 59 నెలల దాకా మళ్లీ వాడుకోవచ్చన్న నిబంధన ఉండబట్టి ఈసారి ఆ వేళ్లకు పరీక్ష తప్పింది. ఫీజు మాత్రం మళ్లీ కట్టాల్సిందే. 2024 జూన్ 11 నుంచి పెద్దలకు 80 యూరోల నుంచి 90కి పెరిగింది. వీసా రాకపోతే తిరిగివ్వరు. పెన్షన్ మీద బతికేవాళ్లకు ఇది చిన్న మొత్తం కాదు. ఆ మాట అధికారులు కూడా గుర్తుంచుకోవాలి.

మామూలుగా పదిహేను రోజుల్లో తేలుస్తారు. అవసరమైతే 45 రోజుల దాకా తీసుకోవచ్చు. ఆ ఎదురుచూపులో ఆమె చేసిన పని, చరిత్ర టీచరు కాబట్టి, అసలు ఈ కట్టుదిట్టాలు ఎప్పటివో చదవడం. 1914కు ముందు యూరప్‌లో చాలా సరిహద్దులు పాస్‌పోర్టు లేకుండానే దాటేవారు. మొదటి ప్రపంచ యుద్ధం ఆ తలుపులు మూసింది. యుద్ధం ముగిశాక 1920లో నానాజాతి సమితి పారిస్‌లోనే సమావేశం జరిపి పాస్‌పోర్టు పుస్తకానికి ఒక ఉమ్మడి రూపం ఇచ్చింది. మన దేశంలో పాస్‌పోర్టు చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. ప్రయాణికుణ్ని ముందు అనుమానించి తర్వాత నమ్మే పద్ధతికి నిండా నూట పాతికేళ్లు కూడా లేవని తెలిసి ఆమె ఆశ్చర్యపోయింది.

రెండో కవరు వచ్చినప్పుడు కొడుకు, కోడలు ఇంట్లోనే ఉన్నారు. స్టిక్కరు చూసి కోడలు కేక పెట్టింది. టీచరమ్మ మాత్రం అద్దాలు పెట్టుకుని స్టిక్కరు మీద ప్రతి అక్షరం చదివింది: పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎన్నిసార్లు ప్రవేశం, ఎన్ని రోజులు. తప్పు దొర్లితే ఇప్పుడే చెప్పాలి, విమానాశ్రయంలో కాదు.

పారిస్‌లో

వీసా ఉన్నంత మాత్రాన ప్రవేశం ఖాయం కాదు. ఆఖరి మాట సరిహద్దు అధికారిది. పారిస్ విమానాశ్రయంలో అతను అడిగాడు: ఎందుకొచ్చారు, ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటారు? ఆమె హోటల్ కాగితాలు, తిరుగు టికెట్టు, బీమా వరుసగా పెట్టింది. ఎందుకొచ్చారన్నదానికి ఆ బంతాట హాలు ఫ్రెంచి పేరే చెప్పి, "వర్సాయ్, జ్యూ ద పోమ్" అంది. అధికారి తలెత్తి ఆమె ముఖంలోకి చూసి, ముద్ర వేశాడు.

జూన్ 20న ఆమె ఆ హాల్లో నిలబడింది. ఎత్తైన గోడలు, పైన కిటికీలు, ప్రతినిధుల అర్ధశిల్పాలు, నడుమ ఆనాటి సభాధ్యక్షుడు బాయీ విగ్రహం. గోడ నిండా ప్రమాణ దృశ్యం చిత్రించిన పెద్ద పటం. అందులో కుడివైపు మూల చేతులు గుండెల మీద కట్టుకుని తల వంచుకు కూర్చున్న మనిషి కోసం వెతికింది. కనిపించాడు. ఒప్పుకోని ఆ ఒక్కడు. అందరూ చేతులెత్తుతున్నప్పుడు, తాను ఒప్పుకోని దానికి తల ఊపనన్నవాడు. ఇన్నేళ్లూ పిల్లలకు 576 మంది గొప్పతనమే చెప్పానని, ఇతని గురించి ఇంకో నాలుగు మాటలు చెప్పాల్సిందని ఆమెకు అనిపించింది.

పెన్ను ఎవరి చేతిలో

ఇప్పుడు సాయంత్రాలు ఆ ఇంటి వరండాలో ముగ్గురు నలుగురు చేరుతున్నారు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకరు, పోస్టాఫీసులో పనిచేసినావిడ ఒకరు. ఒకరికి గ్రీస్ చూడాలని ఉంది. ఇంకొకరికి ఎక్కడికో తెలియదు, కానీ ఎవరి వెనకా కాకుండా వెళ్లాలని ఉంది. జీవితమంతా భర్త బదిలీలకు, పిల్లల చదువులకు, మనవల పురుళ్లకు ప్రయాణించిన స్త్రీలు తమ కోసం ఒక ప్రయాణం కోరుకోవడం గొంతెమ్మ కోరిక కాదు. దానికి అడ్డుపడేది వయసూ కాదు, ఇంగ్లీషూ కాదు. మన గురించి మనం రాసుకోలేమన్న బెదురు.

దారి కూడా కొంత సుగమమైంది. 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ భారతీయుల కోసం నిబంధన సడలించింది. మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్నవారికి రెండేళ్ల వీసా, ఆ తర్వాత, పాస్‌పోర్టు గడువు ఉంటే, ఐదేళ్ల వీసా ఇవ్వొచ్చు. ఆమె అప్పుడే రెండో ప్రయాణానికి లెక్కలు వేసుకుంటోంది.

మొన్న హెడ్‌మిస్ట్రెస్ గారు ఫారం పట్టుకొచ్చి, "టీచర్ గారూ, మీకు అలవాటే కదండీ, కాస్త నింపి పెట్టండి. సంతకం పెట్టేస్తాను" అన్నారు.

టీచరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని పక్కన కూర్చుంది. "ఎంతసేపైనా కూర్చుంటానండీ. అర్థం కానిది అడగండి, చెబుతాను. కానీ వెళ్లేది మీరు. పెన్ను మీరే పట్టుకోండి."